అయిదో కారణం

ఆయుధపూజలో కత్తి, కొడవలి, నాగలి ఉన్న వరుసలోకి ట్రాక్టర్ వచ్చి చాలా కాలమైంది. హైదరాబాద్ శివార్లలోని హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం వైపు పండుగ పొద్దున్నే బండి కడుగుతారు. బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఒక్కసారి ముందుకు నడుపుతారు. కొత్త బండైతే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తోలుకుపోయేవాళ్లూ ఉంటారు. బండికి గానీ దాన్ని నడిపేవాడికి గానీ ఏ ఆపదా రావద్దన్నది మొక్కు. ఆపద వచ్చిన రోజు మాత్రం వినపడే మాట వేరు: రాత అట్లుంది, ఎవరేం చేస్తారు. ఆ మొక్కుకూ ఈ మాటకూ నడుమ ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. యంత్రాన్ని దైవానికి అప్పగించిన తర్వాత మనిషి మీద ఇంకెంత బాధ్యత మిగులుతుంది?

హయత్‌నగర్ లాంటి చోట ఈ ప్రశ్నను దాటవేయడం కష్టం. ఒక పక్క విజయవాడ హైవే, ఇంకో పక్క ఔటర్ రింగ్ రోడ్డు, నడుమ కొత్త కాలనీలు, వాటి వెనక ఇంకా మిగిలిన చెలకలు. మెట్ట సేద్యం మీద పనిచేసే క్రిడా సంస్థకు ఇక్కడి ఎర్రనేలల్లో పరిశోధన క్షేత్రం ఉంది. ఒకే ట్రాక్టర్ వానాకాలం చెలక దున్నుతుంది, తర్వాత ఇటుక, ఇసుక మోస్తుంది, ఎండాకాలం కాలనీలకు నీళ్ల ట్యాంకర్ లాగుతుంది, వినాయక నిమజ్జనానికి విగ్రహాన్ని తీసుకుపోతుంది. బురదకూ గట్టుకూ తయారుచేసిన బండి తారురోడ్డు మీద లారీల మధ్య తిరుగుతుంది. దాని ప్రమాదాలు కొన్ని పొలానివి, కొన్ని రోడ్డువి. ఇంకొన్ని, పొలం దిగి రోడ్డెక్కేటప్పుడు చేయాల్సిన చిన్న పని మరిచిపోవడం వల్ల వచ్చేవి.

దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ని అడుగుతాడు. పూర్వం వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన జవాబును భీష్ముడు వినిపిస్తాడు: మనిషి ప్రయత్నం పొలం, దైవం విత్తనం, పొలం లేని విత్తనం మొలకెత్తదు. యాజ్ఞవల్క్య స్మృతి ఇదే మాటను రథం పరంగా చెప్పింది. ఒంటి చక్రంతో రథం కదలనట్టే ప్రయత్నం లేకుండా దైవం పనిచేయదంటుంది. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు పోయి, దైవం అనేది వేరే ఏమీ లేదని, మనిషి వెనకటి ప్రయత్నాన్నే ఆ పేరుతో పిలుస్తున్నాడని వాదిస్తుంది. ఈ మూడు గ్రంథాల మధ్య తేడాలు చిన్నవి కావు. అయినా చేతులు ముడుచుకుని కూర్చున్నవాడి పక్షాన ఒక్కటీ నిలబడదు.

ట్రాక్టర్ ప్రమాదానికి అన్నింటికన్నా దగ్గరగా వచ్చే ఆలోచన భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ఏ పని జరగడానికైనా అయిదు కారణాలని గీత చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. మంచి పనికైనా చెడ్డ పనికైనా ఈ అయిదే. శంకరుల భాష్యంలో అధిష్ఠానమంటే శరీరం, కరణాలంటే ఇంద్రియాలు. వాటిని పొలం గట్టుకూ గేరుబాక్సుకూ వర్తింపజేయడం భాష్యాన్ని దాటి పోవడమే. కానీ లెక్క వేసే పద్ధతి అక్కడిదే. దైవాన్ని గీత తీసేయలేదు, మొదటి స్థానమూ ఇవ్వలేదు. మిగతా నాలుగూ చెప్పిన తర్వాతే దాని వంతు వస్తుంది. ప్రమాదం జరిగిన చోట నిలబడి మొదటి నాలుగింటినీ వదిలేసి నేరుగా అయిదోదాని పేరెత్తడానికి గీతలో ఆధారం దొరకదు.

మొదటిది అధిష్ఠానం, అంటే చోటు. వానకు మెత్తబడ్డ కాలువ గట్టు, కంకర తేలిన దిగుడు, గడ్డి కప్పేసిన పాడుబడ్డ బావి, ఒడ్డు కోసుకుపోయిన వాగు. ట్రాక్టర్ బరువు ఎత్తులో ఉంటుంది, చక్రాల మధ్య ఎడం తక్కువ. కారు తట్టుకునే వాలు దీన్ని పడేయగలదు. గట్టు ఎంత లోతుంటే అంచుకు కనీసం అంత దూరంలో నడపాలన్నది పాత లెక్క.

రెండోది నడిపేవాడు. నిద్ర చాలనివాడు, తాగినవాడు, ఇంకా కాళ్లు పెడళ్లకు సరిగా అందని పిల్లవాడు. దీని గురించి వాదన అక్కర్లేదు.

మూడోదైన కరణం, అంటే సాధనం, దగ్గర కొంచెం ఆగాలి. ట్రాక్టర్‌కు కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానిది, ఒకటి కుడి వెనక చక్రానిది. సాలు చివర ఒక్క పెడలే తొక్కితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. పొలంలో అది పెద్ద సదుపాయం. రోడ్డెక్కే ముందు మాత్రం ఆ రెండింటినీ కలిపే ఇనుప కొక్కెం వేయాలి. వేయకపోతే, వేగంగా పోతున్న బండి ముందుకు మేకపిల్ల ఉరికినప్పుడు కాలు ఒక్క పెడల్ మీదే పడవచ్చు. అప్పుడు ఒక చక్రం బిగుసుకుపోతుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది, బండి గిర్రున తిరిగి పక్కకు పడుతుంది. చూసినవాళ్లకు బ్రేకు వేయగానే బండి పిచ్చెక్కినట్టు తిరిగిందనే అనిపిస్తుంది. అది పిచ్చీ కాదు, దిష్టీ కాదు. వేలెడంత కొక్కెం.

పనిముట్లకు ఇంజిన్ బలాన్ని అందించే, వెనక వైపున్న పీటీవో షాఫ్టు కూడా కరణమే. సాధారణంగా అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది తిరుగుతుంది. మీది కవరు ఊడిపోయిన షాఫ్టు పక్క నుంచి వంగి దాటేటప్పుడు తువ్వాల కొసో, చీరకొంగో, చున్నీయో తగిలితే మనిషి అరిచేలోపే చుట్టుకుపోతుంది. కవరు మళ్లీ బిగించడం, ఇంజిన్ ఆపకుండా దాన్ని దాటకపోవడం, ఈ రెండూ చాలు.

నాలుగోది చేష్ట. దిగబడ్డ ట్రాక్టర్ బయటికి రానప్పుడు వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు తోలడం ఊళ్లలో చాలామందికి తెలిసిన ఉపాయం. మనుషుల్ని చంపే ఉపాయాల్లో ఇదొకటి. చక్రం తిరగడానికి వీల్లేకపోతే ఇంజిన్ బలం ఎక్కడికీ పోదు, ఇరుసు చుట్టూ బండినే లేపుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. రెండు సెకన్లలోపే బండి వెనక్కి తిరగబడి, నడిపేవాడు స్టీరింగ్ కింద పడిపోతాడు. క్లచ్ తొక్కాలన్న ఆలోచన కాలిదాకా చేరేసరికి సమయం దాటిపోతుంది. మొద్దునో ఇంకో బండినో లాగేటప్పుడు గొలుసును డ్రాబార్‌కు కాకుండా ఇరుసు కంటే పైన తగిలించినా ఇదే జరుగుతుంది. దిగబడ్డ బండిని రివర్స్ గేరులో మెల్లగా తీయాలి. రాకపోతే ఇంకో ట్రాక్టర్ వచ్చేదాకా ఆగాలి.

స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లన్నింటికీ రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది. బోల్తా పడినా నడిపేవాడి చుట్టూ ఖాళీ మిగిలేలా ఉండే బలమైన ఇనుప చట్రం అది. సీటు బెల్టు పెట్టుకుంటేనే దాని పూర్తి ప్రయోజనం. ఆ తర్వాతా అక్కడ ట్రాక్టర్లు పడుతూనే ఉన్నాయి, కానీ కింద నలిగి చనిపోయేవాళ్లు బాగా తగ్గారు. రాత అనుకున్నదాంట్లో ఎంత భాగం కేవలం చట్రం లేకపోవడమో ఆ తేడా చూపిస్తుంది. మన పొలాల్లో ఆ చట్రం ఉన్న ట్రాక్టర్ ఇప్పటికీ అరుదు. దండ వేసే బానెట్ మీద చూపించే శ్రద్ధలో కొంత ఆ చట్రం అడగడానికి పెట్టినా మేలు.

గీత అదే అధ్యాయంలో తామస కర్మ అంటే ఏమిటో చెబుతుంది. తర్వాత ఏమవుతుందో, ఎంత నష్టమో, ఎవరికి హింస కలుగుతుందో, తన శక్తి ఎంతో చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని. మోయగలిగినదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న ట్రాలీకి ఈ నాలుగూ వర్తిస్తాయి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టర్ పడి పదిహేను మంది పోయారు. ఎక్కువమంది పొలం పనికి బయలుదేరిన ఆడవాళ్లే. హయత్‌నగర్ దాటిన మూసీ పారేది ఆ వలిగొండ వైపే. ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్క సీటు, ట్రాలీ ఉన్నది సామాను కోసం. మడ్‌గార్డ్ మీద కూర్చున్నవాళ్లకైనా, ట్రాలీ అంచు పట్టుకున్నవాళ్లకైనా కాపాడేది ఏదీ లేదు.

ఇలాంటప్పుడు తప్పు ఎవరిదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చాలా నిర్దిష్టంగా అడిగింది. ముకుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, తప్పుకోండని కేక వేసినా తోలేవాడికి శిక్ష లేదు. తోలేవాడికి పనితనం లేక బండి పక్కకు పోయి ఎవరికైనా హాని జరిగితే, అతన్ని పెట్టుకున్న యజమానికి రెండు వందల పణాల జరిమానా. తోలేవాడు నేర్పరి అయితే శిక్ష అతనిదే. నేర్పు లేనివాడి బండి ఎక్కినందుకు లోపల కూర్చున్నవాళ్లకూ తలా వంద పణాలు. ఇవాళ్టి న్యాయబుద్ధికి మింగుడుపడని విషయాలు ఆ గ్రంథంలో చాలా ఉన్నాయి. ఈ చివరి నియమం కూడా అలాంటిదే. బస్సు రాని ఊళ్లో, రోజు కూలి పోగొట్టుకోలేక ట్రాలీ ఎక్కిన మనిషిని నేరంలో భాగస్థురాలిని చేయడం అన్యాయం. ఇరుసు విరిగితే ఎవరి తప్పూ లేదనడమూ ఇప్పుడు చెల్లదు. ఆ ఇరుసును చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అయితే యజమాని పొలంలో లేకపోయినా బాధ్యత అతన్ని వెతుక్కుంటూ పోతుందన్న సూత్రం నిలబెట్టుకోదగింది. నేర్పు లేనివాడికి తాళంచెవి ఇచ్చిన క్షణమే అతని కర్మ మొదలైంది.

హయత్‌నగర్ పేరు కుతుబ్‌షాహీ రాజకుటుంబానికి చెందిన హయాత్ బక్షీ బేగందని చెబుతారు. ఆమె పేరుతో ఉన్న మసీదు ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ మసీదుకు వచ్చేవాళ్లకు తెలిసిన ఒక హదీసు దైవమా, ప్రయత్నమా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. ఒంటెను కట్టేసి దేవుణ్ని నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని ఒకరు అడిగితే, కట్టేసి నమ్ము అన్నారు ప్రవక్త. బౌద్ధంలో శివకుడనే పరివ్రాజకుడితో బుద్ధుడి సంభాషణ ఒకటి ఉంది. మనిషికి కలిగే బాధలన్నీ పూర్వకర్మ ఫలమేనా అన్నది అక్కడి ప్రశ్న. బుద్ధుడు కాదంటాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, అజాగ్రత్త, ఇతరుల దాడి, ఇవన్నీ చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదోదిగా చివర లెక్కించాడు. గీత అయిదోదని చెప్పింది, బుద్ధుడు ఎనిమిదోదని చెప్పాడు. రెండు చోట్లా వరుసలో ఆఖరిదే.

రాత అన్న మాటకు చోటే లేదా అంటే, ఉంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటే అది ఆమె నిలబడడానికి పట్టుకున్న ఆధారం, దాన్ని లాగేయడం క్రూరత్వం. కొక్కెం విరిగిన బ్రేకుతో బండిని రోడ్డెక్కించిన యజమాని అదే మాట అంటే అది తప్పించుకోవడం. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఓదార్పయ్యే మాటే బాధ్యత ఉన్నవాళ్ల దగ్గర సాకైపోతుంది. ఊరి పెద్దమనుషులు ప్రమాదం తర్వాత కూర్చున్నప్పుడు ఈ రెండింటినీ విడదీయాలి.

పూజ మీద ఈ వాదనకు పగ ఏమీ లేదు. షోడశోపచారాల్లో స్నానం ఉంది, అలంకారం ఉంది, వాటికి మూలం దగ్గరగా చూడడం. పండుగకు బండి కడిగేవాడికే బురద కింద దాగిన ఆయిల్ మరక కనపడుతుంది, టైరు పక్కన చీలిక చేతికి తగులుతుంది, వదులైన నట్టు కదులుతుంది. ఇబ్బంది ఎక్కడంటే ఆ చూపు ఏడాదికి ఒక్కరోజుకే పరిమితమైపోతుంది. మీమాంసకులు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజించారు. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఫలం రాదు, మానేస్తే ప్రత్యవాయం, అంటే దోషం, తగులుతుందని వాళ్లలో చాలామంది మాట. యంత్రాన్ని చూసుకోవడం ఈ వర్గంలోకే వస్తుంది. ఆయిల్ చూసిన రోజున ఏ అద్భుతమూ జరగదు, అందుకే మనిషికి విసుగు. చూడని రోజుల లెక్క ఒకనాడు ఒక్కసారిగా ఎదురొస్తుంది.

ఆ నిత్యకర్మ పెద్దదేం కాదు. స్టార్ట్ చేయకముందు, బండి సమతలం మీద ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్ కడ్డీ తీసి తుడిచి చూడాలి. రేడియేటర్ నీళ్లు చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడాలి, వేడి మీద తీస్తే ఆవిరి ముఖాన కొడుతుంది. ఎర్రమట్టి చెలకల్లో దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ క్లీనర్ కింది గిన్నెలో ఆయిల్ తొందరగా బురదవుతుంది, పొడి దుక్కుల రోజుల్లో మామూలు కంటే ముందే మార్చాలి. రెండు బ్రేకు పెడళ్లూ ఒకే లోతుకు దిగుతున్నాయా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, ట్రాలీ పిన్నుకు లాక్ ఉందా, వెనక మెరిసే స్టిక్కర్లు మట్టి కప్పకుండా కనపడుతున్నాయా చూడాలి. పొలంలో పట్టు కోసం తగ్గించిన టైరు గాలిని రోడ్డెక్కేముందు సరిచేయాలి.

నైమిత్తికం, అంటే సందర్భాన్ని బట్టి వచ్చేది. కేజ్ వీల్స్‌తో బురద పని ముగిశాక ముందు చక్రాల హబ్బుల్లో నీళ్లు చేరాయేమో చూసి కొత్త గ్రీజు పెట్టాలి. ఆ ఇనుప చక్రాలు తీసేదాకా తారురోడ్డు ఎక్కకూడదు. స్టార్టర్ చెడిపోతే స్క్రూడ్రైవర్‌తో తీగలు కలిపి కింద నుంచి స్టార్ట్ చేయకూడదు. గేరులో ఉన్న బండి ముందుకు ఉరికితే చక్రం దారిలో ఉన్నది ఆ మనిషే. హైడ్రాలిక్ మీద లేచి ఉన్న రోటవేటర్ కింద దూరి పని చేయాలంటే ముందు దాన్ని దిమ్మెల మీద ఆనించాలి. రోజు పని అయ్యాక పనిముట్టును నేలకు దించి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టాలి.