నికీతాకు రావలసిన బాకీ



టాల్‌స్టాయ్ ‘మనిషికి ఎంత భూమి కావాలి’ కథ చదివాక, చివరికి ఆరడుగుల నేలే దక్కేటప్పుడు నేనెందుకీ కాంట్రాక్టు పనుల్లో దిగాలని రాశావు. చావును రోజూ గుర్తు చేసుకుంటే ఆశ దానంతటదే అణుగుతుందని కూడా అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోలేను. 1886లో వచ్చిన ఆ కథ కూడా ఒప్పుకోదు. అందులో రైతు పఖోమ్ బష్కీర్ తెగవాళ్లకు వెయ్యి రూబుళ్లిచ్చి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేలోగా చుట్టి రాగలిగినంత నేల సొంతం చేసుకోవాలి. ముందు రాత్రి కలలో తన శవాన్నే చూశాడు. మర్నాడు చివరి పరుగులో చచ్చిపోతానేమోనని భయపడ్డాడు కూడా. అయినా ఆగలేదు. ఇంత పరిగెత్తి ఇప్పుడాగితే వెర్రివాడంటారని అనుకున్నాడు. మన శ్మశాన వైరాగ్యమూ అంతే కదా, స్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికే పోతుంది.

1895లో వెలువడిన ఆయన కథ ‘యజమాని, సేవకుడు’ ఇంకాస్త లోతుకు వెళ్తుంది. వాసిలీ ఆంద్రెయిచ్ బ్రెహునోవ్ వర్తకుడు, చర్చి ధర్మకర్త. ఒక అడవిని మిగతావాళ్లకంటే ముందే చౌకగా కొట్టెయ్యాలని, తన 700 రూబుళ్లకు తన దగ్గరున్న చర్చి సొమ్ము 2,300 కలుపుకుని మంచు తుఫానులో గుర్రపు స్లెడ్జి మీద బయల్దేరతాడు. వెంట పాలేరు నికీతా. కథ మొదట్లోనే ఒక లెక్క ఉంది, దాన్ని దాటేసి పోవద్దు. ఏడాదికి 80 రూబుళ్లు చెయ్యగల పనివాడికి బ్రెహునోవ్ ఇచ్చేది సుమారు 40. అదీ చిల్లర చిల్లరగా, చాలావరకు తన కొట్లోని సరుకు రూపంలో, ధర పెంచి. పండక్కి నికీతా భార్య వస్తే మూడు రూబుళ్ల విలువ చేసే పిండి, టీ, పంచదార, వోద్కా, పైన ఐదు రూబుళ్ల రొక్కం చేతిలో పెడతాడు. ఆమెకు తక్కువలో తక్కువ ఇరవై రావాలి. అయినా అదేదో దయ తలచి ఇచ్చినట్టు మొక్కి మరీ వెళ్తుంది. తాను నికీతాకు ఉపకారం చేస్తున్నానని బ్రెహునోవ్ మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నన్నడిగితే లోభానికి ప్రాణం ఆ నమ్మకంలోనే ఉంది.

దారి తప్పి రాత్రివేళ మంచులో చిక్కుకున్నాక అతణ్ణి మరణభయం పట్టుకుంది. ఆ భయం అతనిచేత మొదట చేయించిన పని, నికీతాను వదిలేసి గుర్రమెక్కి పారిపోవడం. వాడు బతికితే ఎంత, పోతే ఎంత, నాకైతే బతకడానికి బోలెడుంది అని సర్దిచెప్పుకున్నాడు. మంచులోంచి పొడుచుకొచ్చి గాలికి కొట్టుకుంటున్న ఎండు మొక్కల దగ్గరికి చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాడు. గుర్రం చెయ్యి జారిపోతే దాని అడుగులు పట్టుకుని నడిచి, చివరికి వదిలేసిన స్లెడ్జి దగ్గరికే చేరాడు. అక్కడ కొయ్యబారుతున్న నికీతా, తాను పోతున్నానని, తనకు రావలసింది కొడుక్కో భార్యకో ఇమ్మని చెప్పాడు. బ్రెహునోవ్ అర నిమిషం కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత, మంచి బేరం కుదిరినప్పుడు చేతిలో చెయ్యి వేసేటంత పట్టుదలతోనే కోటు చేతులు పైకి లాగి, నికీతా మీది మంచు తొలగించి, తన తోలుకోటు విప్పి ఒంటి వేడి తగిలేలా అతని మీద పడుకున్నాడు. తన చావు తలపు చెయ్యలేని పనిని, పక్కవాడి చావూ వాడి బాకీ చేశాయి. చూడు, బేరగాడి చొరవ ఎక్కడికీ పోలేదు. అదే చొరవ ఇప్పుడు ఇంకో మనిషికి పనికొచ్చింది. అందుకే నీ పట్టుదలను చంపుకోమని నేను చెప్పను.

చెహోవ్ 1898 నాటి ‘గూస్‌బెర్రీలు’ కథలో ఇవాన్ ఇవానిచ్ కూడా ఈ ఆరడుగుల మాట మీద విరుచుకుపడతాడు. అంత నేల చాలేది శవానికే, మనిషికి భూగోళమంతా కావాలంటాడు. అతని తమ్ముడు నికొలాయ్ కోరిక నిజానికి చాలా చిన్నది: పల్లెలో కొంత భూమి, అందులో గూస్‌బెర్రీ మొక్కలు. దానికోసం డబ్బున్న వితంతువును పెళ్లాడి, ఆమె సొమ్ము తన పేర బ్యాంకులో వేసుకుని, ఆమెను అర్ధాకలితో ఉంచాడు. మూడేళ్లలో ఆమె పోయింది. కాబట్టి కోరిక చిన్నదా పెద్దదా అని కొలుచుకుంటూ కూర్చోకు. దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో చూడు.

ఒక్క రాత్రి మంచితనంతో ఏళ్ల తరబడి చేసిన అన్యాయం చెల్లిపోతుందా అని నువ్వు అడగవచ్చు. చెల్లదు. బ్రెహునోవ్ మంచులోనే పోయాడు. నికీతా మూడు కాలివేళ్లు పోగొట్టుకుని ఇంకో ఇరవై ఏళ్లు బతికాడు. అతని జీతం బాకీ తీరినట్టు టాల్‌స్టాయ్ ఎక్కడా చూపించలేదు. మనసు మారినంత మాత్రాన లెక్క సరికాదు గనుక, బ్రెహునోవ్‌కి అసలైన అవకాశం పండక్కి ముందు, నికీతా భార్య ఎదురుగా నిలబడినప్పుడే వచ్చిందని నేననుకుంటాను. నీ దగ్గర పనిచేసేవాళ్ల జీతాల పుస్తకం తెరిచి, ఎవరికెంత ఆగి ఉందో చూసి, ముందు అది ఇచ్చెయ్యి. కొత్త టెండరు వెయ్యాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న