మూగజీవికీ ఒక వాటా



మోషే ద్వారా సర్వేశ్వరుడిచ్చిన ఆజ్ఞలలో మనం అంతగా పట్టించుకోనిది ఒకటున్నది. ఆరేళ్లు సేద్యం చేసిన పొలాన్ని ఏడవ ఏట బీడు వదలాలి. అందులో దానంతటది పండినది పేదలు తినాలి, వారు మిగిల్చినది అడవి జంతువులు తినాలి (నిర్గమ 23:11). పొలం నీదే, చెమటా నీదే. అయినా పేదవానికీ మూగజీవికీ అందులో వాటా ఉన్నది.

ఈ ఆజ్ఞను నేడు సైబరాబాదులో చదువుకోవాలి. రాతిగుట్టలు, పొదలు, కుంటలు ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. మన బిడ్డలెందరికో అక్కడే అన్నం దొరుకుతున్నది. అందుకు దేవునికి స్తోత్రం. అయితే 2025 మార్చి చివరిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో ఐటీ పార్కుల కోసం యంత్రాలు దిగి చెట్లు కూల్చాయి. చుక్కల జింకలకు, నెమళ్లకు, నక్షత్ర తాబేళ్లకు అది నెలవు. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. గూడు చెదిరిన వన్యప్రాణులను కాపాడే చర్యలు వెంటనే చేపట్టాలని అదే నెల 16న కోర్టు ఆదేశించింది.

“మనుషులకే పనులు లేవు, జింకల గొడవ మనకెందుకు?” అని కొందరంటారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. పేదవాని ఆకలిని చిన్నచూపు చూసే భక్తి భక్తే కాదు. కాని ఆజ్ఞను మళ్లీ చూడండి. పేదవాడూ అడవి జంతువూ ఒకే పొలానికి వాటాదారులు. ఒకరి వాటా మింగిన ఆశ రెండవవారి వాటా దగ్గర ఆగదు. ఏ ఒక్క ప్రాణీ తన మంచితనాన్ని పూర్తిగా చూపలేదు గనుకనే దేవుడు ఇన్ని రకాల ప్రాణులను కలుగజేశాడని పునీత తోమాసు అక్వీనాసుగారు బోధించారు. ఒక జాతి నశిస్తే దేవుని గూర్చి అది చెప్పవలసిన మాట కూడా నశిస్తుంది.

దేశ చట్టమూ ఇదే దారి చూపుతున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. జీవుల పట్ల కరుణ ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది.

ఇక మన గుమ్మం దగ్గరకు వద్దాం. పాము కనబడగానే మనకు ఏదెను తోట, మరియతల్లి పాదాల కింది సర్పం గుర్తుకొచ్చి చేయి కర్ర కోసం వెదుకుతుంది. మెట్ల కింద దూరిన పాము సాతాను కాదు, ఎలుక కోసం వచ్చిన దేవుని సృష్టి. పిల్లలను దూరంగా ఉంచండి, అది ఎటు పోతున్నదో గమనించండి, పాములు పట్టే శిక్షణ ఉన్నవారిని పిలవండి. 1995 నుండి మన నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ స్వచ్ఛంద సేవకులు ఈ పని చేస్తున్నారు. ఎంగిలి మెతుకులు, చెత్త ఆరుబయట పడవేయకండి. అవి ఎలుకలను పిలుస్తాయి, ఎలుకలు పామును పిలుస్తాయి. ఫ్లాటు కొనేవారు ఆ నేల నిన్నటివరకు కుంటా, చెరువా అని విచారించండి.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో పిల్లలను ఒక్క మాట అడగండి: మన ఇంటి చుట్టూ ఏయే ప్రాణులున్నాయి, వాటికి మనం ఏం మిగిల్చాం? వాటా పంచిన తండ్రి ఒకనాడు లెక్క అడుగుతాడు. ఆనాడు తలెత్తి నిలబడే కృప ఆయన మనకు దయచేయునుగాక. ఆమెన్.