పుణ్యకోటి మాట: ఒక ఆవు, అనేక రూపాలు

ఆకలిగొన్న పులికి చిక్కిన ఆవు, దూడకు కడుపునిండా పాలిచ్చి వస్తానని మాటిచ్చి, అన్నట్టే తిరిగి వస్తుంది. ఈ కథలోని ఆవు సంస్కృత పురాణంలో నంద, కన్నడ పాటలో పుణ్యకోటి, తెలుగువారికి ‘ఆవు–పులి కథ’లోని ఆవు. పురాణం నుంచి కావ్యానికి, కావ్యం నుంచి పాటకు, పాట నుంచి నవలకు, వెండితెరకు, యానిమేషన్ బొమ్మకు సాగిన ప్రయాణంలో ఆమె స్వభావం మారుతూ వచ్చింది. ఆమె ముందున్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ప్రాణం తీయబోయేవాడికి ఇచ్చిన మాటకు కట్టుబడాలా? పాలు మరవని బిడ్డ ఉన్న తల్లికి అలా కట్టుబడే హక్కు ఉందా?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా మాన్వి ఈ కథ కన్నడం, తెలుగు రెండు భాషల్లోనూ వినబడే సీమలో ఉంది. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. దక్షిణాన తుంగభద్ర, నది దాటితే కర్నూలు సీమ. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారాక కోస్తా ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు ఈ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నడిచే ఇలాంటి చోట పుణ్యకోటి పాట, ఆవు–పులి కథ పక్కపక్కనే ఉంటాయి. పాటలో కాళింగుడనే గొల్లవాడు ఆవులను పేరుపేరునా పిలుస్తాడు. వాటిలో ఒకదాని పేరు తుంగభద్ర. పొలానికి నీళ్లిచ్చే నది, పిల్లలకు పాలిచ్చే ఆవు ఒకే పేరుకు పలుకుతాయి.

కథకు పాత రూపాల్లో ఒకటి పద్మపురాణంలోని సృష్టిఖండంలో ఉంది. అక్కడి పులి అసలు ప్రభంజనుడనే రాజు. పిల్లకు పాలిస్తున్న లేడిని బాణంతో కొట్టి, దాని శాపంతో పులి అయ్యాడు. నంద తిరిగి వస్తానని ఒట్ల మీద ఒట్లు పెట్టుకుని ఇంటికి వస్తుంది. తల్లి, చెలులు ఆమెను ఆపుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అబద్ధమాడితే పాపం లేదని శాస్త్రం చెబుతారు. దానికి నంద జవాబు ఈ కథ మొత్తానికి గుండెకాయ. ఇతరుల ప్రాణం కాపాడటానికైతే తాను అబద్ధం ఆడుతుంది, తన ప్రాణం కోసం మాత్రం కొంచెమైనా ఆడదు. ఆమె తిరిగి వచ్చి పేరు చెప్పగానే రాజుకు శాపం తీరుతుంది. ధర్ముడు ప్రత్యక్షమై ఆమెను దీవిస్తాడు. సరస్వతీ నదికి అక్కడ నంద అనే పేరు వస్తుంది. పాలిచ్చే తల్లిని చంపి పడిన శాపం పాలిచ్చే మరో తల్లి వల్ల తీరడం పురాణం కూర్చిన న్యాయం.

తెలుగులో ఈ కథను కావ్యంలో నిలిపినవాడు 15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుడు. ఆయన ‘భోజరాజీయము’లోని గోవ్యాఘ్ర సంవాదం పాఠ్యపుస్తకాల ద్వారా ఎన్నో తరాల పిల్లలకు చేరింది. ఈ ఆవులో దేవతాంశ కంటే ఇంటి తల్లి ఎక్కువగా కనిపిస్తుంది. దూడ పుట్టి ఏడెనిమిది రోజులే అయింది, దానికింకా గడ్డి కొరకడం రాదు అని ఆమె పులికి చెప్పుకుంటుంది. పులిని ఒప్పించే బలం ఆ చిన్న వివరంలోనే ఉంది. దూడ దగ్గరికి వచ్చాక లోకంలో ఎలా మసలుకోవాలో బోధిస్తుంది. పురాణంలోనూ నంద తన బిడ్డను ఏమరుపాటు, అత్యాశ, గుడ్డినమ్మకం విషయంలో హెచ్చరిస్తుంది. ఎవరినీ తొందరపడి నమ్మవద్దని బిడ్డకు చెప్పే ఈ తల్లి, తనను నమ్మమని పులిని అడిగి వచ్చింది. లోకం నమ్మదగ్గది కాదని ఆమెకు తెలుసు. తానైనా నమ్మదగ్గదిగా ఉండాలని ఆమె పట్టు.

కన్నడంలోని ‘గోవిన హాడు’ కర్త ఎవరో తెలియని జానపద గేయం. ఇందులో ధర్మచర్చ తగ్గి బంధుత్వం పెరిగింది. ఎవరి పాలు తాగాలి, ఎవరి పక్కన పడుకోవాలి అని దూడ ఏడుస్తుంది. పుణ్యకోటి మందలోని ఆవులను అక్కచెల్లెళ్లుగా పిలిచి దూడను అప్పగిస్తుంది. ముందుకు వస్తే పొడవవద్దని, వెనక పడితే తన్నవద్దని వేడుకుంటుంది. బిడ్డను వదిలేసి సత్యం వెంట పోయిన తల్లి అనే నిందకు పాట ఇచ్చిన జవాబు ఇదే. ఆమె దూడను దిక్కులేనిదిగా వదల్లేదు, మంద అంతటికీ బిడ్డను చేసి వెళ్లింది. చివర పులి అర్బుదుడు ఆమెను తోబుట్టువుగా తలచి, తినలేక తానే ప్రాణం విడుస్తాడు.

ఆధునిక కాలంలో ఎస్.ఎల్. భైరప్ప 1968 నాటి నవలకు ‘తబ్బలియు నీనాదె మగనె’ అని ఈ పాట మాటలనే పేరుగా పెట్టాడు. దాన్ని 1977లో గిరీశ్ కర్నాడ్, బి.వి. కారంత్ సినిమాగా తీశారు. అక్కడ ఆవుకు మాటలు లేవు. ఆవును తల్లిగా కొలిచే ఇంటికీ, లాభనష్టాల లెక్కతో చూసే చదువుకున్న కొడుకుకీ మధ్య ఆమె నిలుస్తుంది. మాట నిలబెట్టుకోవాల్సిన భారం ఆవు మీద నుంచి మనిషి మీదికి మారింది. తర్వాత 2020లో రవిశంకర్ వి. దర్శకత్వంలో సంస్కృతంలో ‘పుణ్యకోటి’ యానిమేషన్ చిత్రం వచ్చింది. సంగీతం ఇళయరాజా, పుణ్యకోటికి గొంతు రేవతి. అలా సంస్కృతంలో నందగా మాట్లాడిన ఆవు కన్నడం మీదుగా వచ్చి, బొమ్మగా మళ్లీ సంస్కృతం పలికింది.

ఈ రూపాల్లో ముగింపులు ఒకదానితో ఒకటి కలవవు. పురాణంలో పులికి శాపం తీరింది, పాటలో పులి చచ్చిపోయింది. సత్యానికి ఫలం ఏమిటని ముగింపుల్లో వెతికితే ఒక్క సమాధానం దొరకదు. అన్నిటిలోనూ మారనిది ఆవు నడిచి వచ్చే దారి. ఆ దారిలో ఆమెకు ముగింపు తెలియదు. శాపం తీరుతుందనో పులి మనసు కరుగుతుందనో ఆశపడి ఆమె రాలేదు, చనిపోవడానికే వచ్చింది. బౌద్ధుల మహాసుతసోమ జాతకంలో నరమాంసభక్షకుడి దగ్గరికి తిరిగి వెళ్లే రాజుదీ ఇదే నడక.

ఆమె సత్యం గుడ్డి నియమమూ కాదు. జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1797లో రాసిన వ్యాసంలో, తలుపు తట్టిన హంతకుడికి కూడా అబద్ధం చెప్పకూడదని, మిత్రుణ్ని కాపాడటం కోసమైనా సరే కూడదని వాదించాడు. నంద అంత దూరం పోదు. పరుల ప్రాణానికి సత్యంలో సడలింపు ఇస్తుంది, తన ప్రాణానికి ఇవ్వదు. కాంట్ లెక్కలో సత్యం అందరికీ ఒకే కొలత. నంద లెక్కలో అది తన విషయంలో కఠినం, ఇతరుల విషయంలో కరుణ.

తల్లి హక్కు గురించిన ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. దూడకు ఇవ్వవలసిన పాలు ఇచ్చింది, చెప్పవలసిన బుద్ధి చెప్పింది, కావలసిన అండ చూపింది. ఆ తర్వాత మిగిలింది తన ప్రాణం ఒక్కటే. మాటకు చెల్లించడానికి ఆమె ఎంచుకున్నది దాన్నే.