మొదలు

పని మొదలుపెట్టితి మందుము. చెట్టును మొదలంట నరికి రందుము. బేరము బెడిసినచో మొదటికే మోసము వచ్చిన దందుము. మూడు చోట్లను మాట యొక్కటే.

మేము పండితులము గాము. మెట్రిక్యులేషన్ చదివి, ముప్పదియేండ్లు పద్దులు వ్రాసి విరమించినవారము. కోయంబత్తూరున పుట్టి పెరుగుటచే తమిళుల ముదల్, మన మొదలు మా చెవి కొక్కటియే. కన్నడిగులకును అది మొదలే. ఇది యొకరియొద్ద నొకరు తెచ్చుకొన్న అప్పు గాదు, ఒక్క కుదుట పుట్టినది. ఈ భాషల చుట్టరికమును ఎల్లిసు దొర 1816లోనే చెన్నపట్టణమున వెల్లడించెను.

సంస్కృతపు ఆరంభము వేఱు తీరుది. వేదభాషలో దానికి చేపట్టుట యని యర్థము. అది చేష్ట; చేసినంతనే ముగియును. మొదలో, కొమ్మలు సాగిన పిమ్మటను అడుగుననే యుండును. మూలధనములోని మూలమునకును చెట్టువేరని యర్థము. మనము పత్రములలో వ్రాయు అసలు అరబ్బీ మాట. దానికిని వేరనియే అర్థము! అప్పుసొమ్మునకు ఇన్ని భాషలును చెట్టువేరునే గుర్తుగా గొనుట మాకు వింత.

1980 ప్రాంతమున మేము గుమాస్తాగా నున్న యొక వడ్డీకొట్టులో ఒక నేతపనివాడు రెండువేల రూపాయలు తీసికొనెను. నెలకు ముప్పది రూపాయల వడ్డీ. తొమ్మిదేండ్లు తప్పక కట్టెను. ఒకనాడు, “అయ్యా, ఇంక నెంత మిగిలినది?” అని యడిగెను. “రెండువేలు” అంటిమి. 3,240 రూపాయలు చెల్లినను మొదలులో పైసా తరుగలేదు. ఆయన రసీదు మడిచి రొంటిని దోపుకొని పోయెను.

నెలకు ఐదు రూపాయ లెక్కువ కట్టినను మొదలు కొంత తరిగెడిదని మాకు తెలియును. ఆయన యడుగలేదు, మేము చెప్పలేదు. లెక్క తప్పలేదు, అబద్ధమాడలేదు. అయినను దోషము మాదే. పత్రము వ్రాసిన దినముననే చెప్పవలసినది, ఆ యదను దాటినదని చాలకాలము మనసునకు సర్దిచెప్పుకొంటిమి. అది ఆరంభమును దలచుకొని చేసికొన్న సమాధానము. మొదలు ప్రతినెలయు ఆ పద్దులోనే, మా కలము క్రిందనే యుండెను. ఒక్కమాఱు కాదు, నూటయెనిమిది మాఱులు మేము నోరు మూసికొంటిమి.

ఇంట మా మనుమని సంగతియు నిట్టిదే. మూడవయేట బియ్యముపై ఓనమాలు దిద్దించి, బంధువులకు విందుపెట్టి, అంతటితో నూరకుంటిమి. వానికిప్పుడు పదునొకండేండ్లు. తెలుగు మాటలాడును, చదువనేరడు. ఇంక ఆలస్యమైనదని ఇంటివారందఱు ననుచుండగా, ఉగాదినుండి రాత్రి భోజనమైనపిదప పావుగంట కూర్చుండబెట్టుచున్నాము. ఇప్పుడు ఱకారమువద్ద నిలిచినాము. తమిళులు నేటికిని విడువని బండిఱను మీరేల విడుచుచున్నారని వాడడుగుచున్నాడు.