వేషము వెనుకనున్న పొరుగువాడు

ధ్యానమునకు: సామెతలు 26:18-19, మత్తయి 7:12



తోటివానికి కీడు చేసి, అదంతయు వేడుకకేనని చెప్పి తప్పించుకొనజూచు మనుష్యుని సామెతల గ్రంథము ఒక వెఱ్ఱివానితో పోల్చుచున్నది. ఆ వెఱ్ఱివాని చేతిలో నిప్పును బాణములును ఉన్నవి. ఈ మాసము మేము మీ యెదుట పెట్టగోరు ప్రశ్న ఆ సామెతకు చెందినదే. ఆటలో, అందులోను వేషము వేసికొని ఆడు ఆటలో, ఒకడు చేసిన కీడు నిజమైన కీడేనా? చేసినది వేషమేనని చెప్పి మనిషి తప్పించుకొనగలడా?

ఇది పట్టణపువారి ప్రశ్నయని త్రోసివేయవద్దు. నేడు మన పల్లెలలోని యువజనుల చేతులలో సెల్‌ఫోనులున్నవి. పొలము గట్టున కూర్చుండి, ఎన్నడును ముఖము చూడని దూరదేశపువారితో ఆడుచున్నారు. కాలము వ్యర్థమగుచున్నదని తలిదండ్రులు గద్దింతురు. అది మంచిదే. కాని ఎవరితో ఆడుచున్నావు, వారియెడల ఎట్లు నడుచుకొనుచున్నావు అని అడుగువారు తక్కువ.

ఈ ఆటలలో ఒక విధము కలదు. ఆడువాడు తనకొక పేరు, ఒక రూపము, ఒక స్వభావము కల్పించుకొని, యోధుడుగానో వైద్యుడుగానో వర్తకుడుగానో ఇతరులతో మాటలాడుచు ఒక కథను నడుపును. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట వెలువడినప్పుడు స్నేహితులు బల్లచుట్టు కూర్చుండి ఇట్లు ఆడిరి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో విద్యార్థులు పలువురు కలిసి తిరుగగల ఒక కల్పిత లోకమును కంప్యూటరులో నిర్మింపసాగిరి. ఇప్పుడు ఆ బల్లచుట్టు దేశదేశములవారు కూర్చుండుచున్నారు.

ఇట్లు ఆడువారిలో వ్రాయబడినవియు వ్రాయబడనివియు మర్యాదలు కలవు. వాటిలో ముఖ్యమైనది ఇది: నీ వేషమును నీవు నడుపుకొనుము, ఎదుటివాని వేషమును అతని సమ్మతి లేక నడుపకుము. నీవు కత్తి దూసితినని చెప్పవచ్చును. అతడు పడిపోయెనని నీవు చెప్పరాదు. పడెనో తప్పించుకొనెనో అతడే చెప్పవలెను. కథలో శత్రువులైనను కథ వెలుపల స్నేహితులుగా నుండుట రెండవది. ఒకడు ఇక చాలునన్నప్పుడు ఆపుట మూడవది. ఈ మర్యాదలను కావలెనని త్రొక్కి, ఇతరుల బాధనే తన వేడుకగా చేసికొనువారిని గ్రీఫర్లందురు. దుఃఖమునకు ఆంగ్లములో గల మాటనుండియే ఆ పేరు పుట్టెను. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటమని మన పెద్దలు చెప్పినది వీరికి సరిగా తగును.

ఒక సంగతి చెప్పుదుము. 1990లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ వారి పరిశోధనాలయములో పావెల్ కర్టిస్ అనునతడు లాంబ్డామూ అను లోకమును ప్రారంభించెను. అందులో బొమ్మలు లేవు, అక్షరములే. ఒక పెద్ద యిల్లు, దానిలో గదులు, ఆ గదులలో వేషములు వేసికొని మాటలాడుకొను జనులు, అంతయు వ్రాతలోనే. 1993లో ఒక రాత్రి, మిస్టర్ బంగిల్ అను పేరుతో విదూషక వేషమున ఒకడు వచ్చెను. అతడు ఒక కంప్యూటరు ఉపాయముచేత ఇతరుల వేషములను తన వశము చేసికొని, వారు చేయని సిగ్గుమాలిన కార్యములను వారే చేసినట్లు అందరి యెదుట కనుపరచెను. ఎవరి దేహమునకును గాయము తగులలేదు. అయినను అట్లు అవమానింపబడిన స్త్రీ యొకతె, సియాటిల్ నగరములో కూర్చుండి ఆ సంగతిని గూర్చి వ్రాయుచు నిజముగా కన్నీరు విడిచెనని జూలియన్ డిబెల్ అను రచయిత ఆ సంవత్సరమే ప్రచురించిన వ్యాసములో తెలిపెను. వేషమునకు జరిగినది మనిషికి తగిలెను.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: క్రిస్మసు నాటికలో మన పిల్లవాడు హేరోదు వేషము వేసి శిశువులను చంపుడని ఆజ్ఞాపించును. అతనిని మనము గద్దింపము గదా, బాగుగా చేసితివని మెచ్చుకొందుము. అట్లయిన ఈ ఆటలో దుష్టుని వేషము వేయుట పాపమెట్లగును?

మంచి ప్రశ్నయే. దుష్టుని వేషము వేయుట పాపమని మేము చెప్పుట లేదు. హేరోదు లేనిదే ఆ నాటిక లేదు. అయితే హేరోదు వేషము వేసినవాడును, గొఱ్ఱెల కాపరి వేషము వేసినవాడును ముందుగా కూడి నేర్చుకొని, ఒకరికొకరు సమ్మతించియే అందరి యెదుటికి వచ్చిరి. హేరోదు తన వేషమును సాకుగా పెట్టుకొని, తనకు గిట్టని పిల్లవానిని కఱ్ఱతో నిజముగా కొట్టినచో, అప్పుడు కొట్టినది హేరోదు కాదు, మన పిల్లవాడే. నా వేషము అట్టిదను మాట దెబ్బ తిన్నవాని యొద్ద చెల్లదు.

మన ప్రభువు శాస్త్రులను పరిసయ్యులను వేషధారులని పిలిచెను (మత్తయి 23). సువార్తలో వాడబడిన ఆ గ్రీకు మాట నాటకములో వేషము వేయు నటునికి చెల్లిన మాట. ప్రభువు అక్కడ నటులను నిందించుట లేదు. వేషమును అడ్డు పెట్టుకొని తన హృదయమును దాచుకొనువానిని నిందించుచున్నాడు. నాతాను దావీదునకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథను తలంచుడి (2 సమూయేలు 12). కథలోని ధనవంతునిమీద దావీదు కోపించెను. ఆ ధనవంతుడు తానేయని పిమ్మట తెలిసికొనెను. కథ కల్పితమైనను, దానివలన బయలుపడిన హృదయము కల్పితము కాదు.

మేము ఆట నియమమును మీరలేదు గదా అని కొందరందురు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆట 2004లో ప్రారంభమైనది. దానిని ఆడుచుండిన ఒక స్త్రీ 2006లో నిజముగానే మరణించెను. ఆమెతో కలిసి ఆడిన స్నేహితులు ఆటలోనే, ఆమెకు ప్రియమైన మంచు ప్రదేశమున, నీటియొద్ద సంతాపకూటము పెట్టుకొనిరి. ఆ సంగతి తెలిసికొని ఎదుటి పక్షపు గుంపొకటి వచ్చిపడి, కూడియున్నవారిని చంపి, ఆ దృశ్యమును వీడియోగా తీసి లోకమునకు చూపించెను. ఆ స్థలములో రెండు పక్షములవారు పోరాడుకొనుటకు ఆట అనుమతించును గనుక తప్పు లేదని వాదించినవారు కలరు. ఆటలో చచ్చిన వేషములు కొంతసేపటికి మరల లేచును. చెడిపోయిన ఆ సంతాపపు గడియ మరల రాదు. శవము వెళ్లునప్పుడు మన ఊళ్లలో పరాయివాడును బండి ఆపి ప్రక్కకు నిలుచును. ఆపుమని ఏ చట్టము చెప్పినది? అనుమతి యున్నదంతయు ఇతరులకు మేలు చేయదని పౌలు కొరింథీయులకు బోధించినది ఇట్టి సమయములకే (1 కొరింథీ 10:23-24).

ఇట్టివారిని ఏమి చేయవలెను? లాంబ్డామూలో పలువురు కూడి చాలసేపు మాటలాడిరి గాని ఒక తీర్పునకు రాలేకపోయిరి. తుదకు అధికారము గల ఒకడు తానొక్కడే నిర్ణయించి ఆ వేషమును తొలగించెను. అటుపిమ్మట కర్టిస్, జనులు మనవులు వ్రాసికొని ఓట్లు వేసి నిర్ణయించుకొను పద్ధతిని ఏర్పరచెను. అయితే తొలగింపబడినవాడే మరియొక పేరుతో తిరిగి వచ్చెనని అక్కడివారు తలంచిరి.

మత్తయి 18:15-17లో ప్రభువు చూపిన త్రోవ మనకు తెలియును. మొదట ఒంటరిగా వెళ్లి చెప్పవలెను, పిమ్మట ఒకరిద్దరిని వెంటబెట్టుకొనవలెను, ఆ పిమ్మటనే సంఘము. మొదటి అడుగు సహోదరుని సంపాదించుకొనుటకే. ముఖమును ఊరును తెలియని చోట ఆ అడుగు వేయుట కష్టము. బాధింపబడువారిని కాపాడుటకు కొన్నిసార్లు వెలివేయవలసినదే. కాని వెలివేయుట గుమ్మమును మూయునే గాని మనస్సును మార్చదు. గడియకొక పేరు మార్చుకొనగలవానికి కావలి అతని లోపలనే యుండవలెను.

యువజనులారా, ఆటలో నీవు ఎవనినైనను ఏడిపింపబోవునప్పుడు, ఇదే నాకు జరిగినయెడల ఇష్టపడుదునా అని అడిగికొనుము. ఎదుటివాని సమ్మతి తెలియనిచో అడుగుము. ప్రభువు సహితము మన తలుపు తట్టి నిలుచువాడే గాని పగులగొట్టి లోపలికి వచ్చువాడు కాడు (ప్రకటన 3:20). చాలునని ఎవరైనను చెప్పినప్పుడు ఆపుము, బాధ కలిగించినచో వేషము వెనుక దాగక క్షమాపణ అడుగుము. తలిదండ్రులారా, పిల్లల చేతిలోని ఫోనును లాగుకొనుటకు ముందు, ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండి, ఆ ఆటలో నీ స్నేహితులెవరు అని అడుగుడి.

ఆవలనున్నవాని కన్నీరు మనకు కనబడదు. ఇరువురిని చూచు దేవునికి కనబడును. ఆయన యెదుట నిలుచునట్లుగా మన పిల్లలు ఆడుకొందురు గాక. ఆమేన్.