తన యింటి కెదురుగా

(ధ్యాన భాగము: నెహెమ్యా 3వ అధ్యాయము)



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మన ఆలయములలో అరుదుగా చదువబడును. అందులో అద్భుతములు లేవు, ఉపమానములు లేవు, ప్రార్థనలు లేవు. ఏ గుమ్మము మొదలుకొని ఏ గోపురము వరకు ఎవరెవరు గోడ బాగుచేసిరో ఆ పేర్ల పట్టికయే మొదటినుండి కడవరకు ఉన్నది. చదువువాని నాలుక తడబడును, వినువారికి కునుకు వచ్చును. అయినను ఈ నెల ఆ అధ్యాయమునే మీ యెదుట పెట్టుటకు మాకొక కారణము కలదు. ఆ కారణము మా తప్పిదమే గనుక దానితోనే ఆరంభించెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణ పేటలో మా సంఘ వార్షికోత్సవము జరిగెను. అవి వానకాలపు దినములు. చుట్టుపట్ల గ్రామములనుండి విశ్వాసులు ఆటోలలోను ట్రాక్టర్లలోను వచ్చిరి. ఆరాధన బాగుగా జరిగెను, ప్రేమవిందును బాగుగా జరిగెను. భోజనములైన పిమ్మట ఎంగిలి విస్తళ్లను, ప్లాస్టిక్ గ్లాసులను, మిగిలిన అన్నమును ప్రహరీ గోడ వెనుకనున్న కాలువలో పారవేసితిమి. ఎవరును ఒక మాట అనలేదు. ప్రతి సంవత్సరము చేయుచున్నదే చేసితిమి. ఆ రాత్రి పెద్ద వాన కురిసెను. తూము పూడిపోయి, మురుగు వెనుకకు తన్ని, క్రింది సందులోని ఇండ్లలోనికి వచ్చెను. ఆ సందులో ఒంటరిగా కాపురముండు ఒక ముసలమ్మ యింట రేషను బియ్యము తడిసిపోయెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. తెల్లవారిన తరువాత ఆమె ఒక విస్తరాకు చేతపట్టుకొని మా గుమ్మము నొద్దకు వచ్చినది. తిట్టలేదు, కేకలు వేయలేదు. "అయ్యగారూ, మీ విందు మా ఇంటిదాకా వచ్చిందండీ" అని మాత్రము అన్నది.

ముందటి దినమున మేము ప్రసంగించిన వాక్యభాగము లూకా సువార్త పదియవ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానము.

ఆనాటి నుండి ఒక ప్రశ్న మమ్మును విడిచిపెట్టలేదు. మన యింటి గడప లోపలిది మనది. ఇల్లు తుడుచుకొందుము, ముంగిట నీళ్లు చల్లుకొందుము. గడప దాటిన తరువాత పారు నీరు ఎవరిది? తుడిచి వెలుపల వేసిన చెత్త ఎవరిది? మన చేతిని విడిచిన క్షణముననే అది మన బాధ్యతను కూడ విడిచిపోవునా?

ఈ ప్రశ్నకు జవాబు భద్రాచలము నందు గోదావరి ఒడ్డున నిలిచి చూచువారికి సులభముగా తెలియును. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగుల మట్టమునకు వచ్చెను. 2022 జూలైలో మరల 71.3 అడుగులకు వచ్చెను. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ అంకెలు ఆ ఊరి బడిపిల్లలకును కంఠస్థమే. నది ఊరిలోనికి రాకుండ కరకట్ట కలదు. ఊరి మురుగును వాననీరును నదిలోనికి పోవుటకు ఆ కట్టకు తూములు కలవు. అయితే నది పెరిగినప్పుడు ఆ తూముల తలుపులు మూయవలెను, లేనియెడల నది నీరు అదే దారిని ఊరిలో ప్రవేశించును. తలుపులు మూసినప్పుడు ఊరి నీరు ఊరిలోనే నిలిచిపోవును. మోటార్లు పెట్టి దానిని తోడి కట్ట అవతల పోయవలెను. కాలువలు బాగుగా ఉన్నయెడల నీరు మోటారు వరకు చేరును. కవర్లతోను సీసాలతోను నిండియున్నయెడల అది దారిలోనే ఆగి పల్లపు సందులను ముంచును.

సహోదరులారా, ఇందులో మనకు బోధ లేదా? వెలుపలి గోదావరిని ఆపుటకు కట్ట కట్టిరి. కాని కట్ట లోపల మనము విడిచిన నీరే మనవారిని ముంచుచున్నది. వెలుపలనుండి లోపలికి పోవునది కాదు గాని, మనుష్యుని లోపలనుండి బయలువెళ్లునదే అతనిని అపవిత్రపరచునని మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు బోధించెను. అది హృదయమును గూర్చిన బోధ. అయితే పేటను గూర్చియు అది సత్యమే.

మరియొక సంగతి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో ఉండెను. దానిని ఆనుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము మొదలగు గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. అప్పటినుండి ఊరి చెత్త వేయుటకు స్థలము దొరకుట కష్టమాయెను. గోదావరి ఒడ్డున చెత్త పోగులు పడుచున్నవని ఆ ఊరివారు అనేక పర్యాయములు మొరపెట్టిరి. రాష్ట్రముల గీతలు మనుష్యులు గీచినవి. నదికి ఆ గీతలు తెలియవు. భద్రాచలము నొద్ద గోదావరిలో పడినది కూనవరము మీదుగా, పాపికొండల నడుమగా, రాజమహేంద్రవరము వైపునకే పోవును. మనము ముఖము కూడ చూడని ఒక తల్లి అక్కడ ఆ నీటిలో బిందె ముంచును. ఆమె మన పొరుగువారు కాదా?

ఖమ్మములోను ఇదే పాఠము. అక్కడి గొల్లపాడు ఛానల్ ఒకప్పుడు పొలములకు నీరు పారిన కాలువ. ఊరు పెరిగిన కొలది అది మురికి కాలువ ఆయెను. దాని ప్రక్కన కాపురమున్నవారు ఎన్నో యేండ్లు ఆ వాసనలోను ఆ దోమలలోను బ్రదికిరి. ఇటీవలి సంవత్సరములలో భూమిలో పైపులు వేసి, పైని తోటలు పెంచిరి. సంతోషమే. అయితే కాలువను పాడుచేసినది ఎవరో ఒక దుర్మార్గుడు కాడు. ఇంటికొక తట్ట చొప్పున, దినమున కొక తట్ట చొప్పున, మంచివారే దానిని పాడుచేసిరి.

2024 సెప్టెంబరు 1వ తేదీన ఖమ్మములో మున్నేరు పొంగినది మీకు జ్ఞాపకముండును. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మండుగురు నీటి నడుమ చిక్కుకొనిరి. హర్యానా నుండి పనికై వచ్చిన ఒక డ్రైవరు మట్టి తవ్వు జేసీబీ యంత్రమును ఆ నీటిలోనికి నడిపించి వారిని గట్టునకు చేర్చెను. అతడు మన జిల్లావాడు కాడు, మన భాషవాడు కాడు. ఉపమానములోని సమరయుడు మరల మన వీధిలోనికి వచ్చినట్లుండెను. అట్టి ధైర్యమునకై దేవుని స్తుతింతము. కాని వరద దినము ఎప్పుడో వచ్చును, మురుగు కాలువ ప్రతిదినము ఉండును. ప్రాణమునకు తెగించి నీటిలో దిగుమని దేవుడు మనలో బహు కొద్దిమందిని అడుగును. విస్తరాకు కాలువలో వేయవద్దని మనలో ప్రతివానిని అడుగుచున్నాడు.

ఇప్పుడు నెహెమ్యాయొద్దకు వత్తము. యెరూషలేము గోడ కూలియుండెను. దానిని కట్టిన విధము చూడుడి. యాజకులు కట్టిరి. బంగారు పనివారును సుగంధద్రవ్యములు చేయువారును కట్టిరి. షల్లూము తన కుమార్తెలతో కూడ కట్టెను. 10, 23, 28 వచనములలో ఒక మాట మరల మరల వచ్చును. ఒక్కొక్కడు తన యింటి కెదురుగా ఉన్న భాగమును బాగుచేసెను. దేవుడు ఆ బీదవారిలో ఏ ఒక్కనిపైనను పట్టణపు గోడ అంతటిని మోపలేదు. ఎవనినిగాని ఊరక కూర్చుండనియ్యలేదు. ఇంటి లోపల కాదు, ఊరంతయు కాదు, ఇంటి కెదురుగా! మన బాధ్యతకు ఇంతకంటె మంచి కొలత మాకు కనబడలేదు.

30వ వచనములో మెషుల్లాము అనువాడు తన గది కెదురుగా కట్టెను. అతనికి చెప్పుకొనుటకు ఒక గది మాత్రమే. మన గ్రామములనుండి చదువునకో కూలికో పోయి పట్టణములలో అద్దె గదులలో ఉన్న బిడ్డలు ఎందరో కలరు. "అద్దె ఇల్లే కదా, మనకెందుకు" అని వారనుచుందురు. మెషుల్లామును వారికి చూపుడి.

అయితే 5వ వచనములో దుఃఖకరమైన మాట ఉన్నది. తెకోవ ఊరి సామాన్యులు కట్టిరి గాని, వారి పెద్దలు ఆ పనికి మెడ వంచలేదు. ఆ సామాన్యులే తరువాత మరియొక భాగమును కూడ కట్టిరని 27వ వచనము చెప్పుచున్నది. ప్రతి పేటలోను ఇట్లే జరుగుచున్నది కాదా? మెరక మీద ఇల్లున్నవానికి మురుగు బాధ తెలియదు, అతని నీరు దిగిపోవును. పల్లమున ఉన్నవాడు బుద్ధిలేక అక్కడ కట్టుకొనలేదు, అక్కడనే స్థలము చవుకగా దొరికినది. కాబట్టి నీరు ఏ దారిని దిగునో బాధ్యతయు ఆ దారినే దిగును. ఎత్తున ఉన్నవాడు మొదట మెడ వంచవలెను. మా ఆలయము మెరక మీద ఉన్నది, ఆ ముసలమ్మ ఇల్లు పల్లమున ఉన్నది. తప్పు ఎవరిదో ఆమె చేతిలోని విస్తరాకే చెప్పినది.

14వ వచనమును మన సంఘములు ప్రత్యేకముగా చదువవలెను. పెంట గుమ్మమును బాగుచేసినవాడు ఒక ప్రదేశమునకు అధిపతి. ఊరి కశ్మలము వెలుపలికి పోవు గుమ్మము అది. మన దేశములో ఆ పనిని కొన్ని కులములవారి తలపై వేసి, ఆ పని చేసినందుకే వారిని అంటరానివారనిరి. మనలో అనేకుల తాతలు ఆ భారము మోసినవారే. 2013లో వచ్చిన చట్టము మనుష్యుల చేత మలమును ఎత్తించుటను నిషేధించినది. అయితే చట్టము చేతులను ఆపును గాని మనస్సును మార్చదు. మన బిడ్డలు చదువుకొని ఉద్యోగస్థులైన తరువాత, మన తాతలను చూచినట్లే నేటి పారిశుద్ధ్య కార్మికుని మనమును చూచినయెడల, సువార్త మనకేమి చేసినట్టు? అతనికి మంచినీళ్లిత్తుమా? అతని పేరు మనకు తెలియునా? తడి చెత్తను పొడి చెత్తను వేరుచేసి ఇత్తుమా, లేక పగిలిన సీసాను కవరులో దాచి అతని చేతికి అందింతుమా?

కొందరు అందురు: "ఇవి పంచాయతీ పనులు, సంఘము ఆత్మల సంగతి చూడవలెను." పంచాయతీ పని పంచాయతీ చేయవలసినదే. దానిని అడుగుటయు మన విధి. నెహెమ్యా మొదట ఉపవాసముండి ప్రార్థించెను, తరువాత రాజు నొద్దకు పోయి మ్రానుల కొరకు ఉత్తరములు అడిగెను. గ్రామసభలో లేచి మాటలాడుట, సోమవారపు ప్రజావాణిలో అర్జీ ఇచ్చుట ప్రార్థనకు విరోధము కాదు. ఆత్మల సంగతి అందురా? గొయ్యి త్రవ్వి కప్పనివాడు అందులో పడిన ఎద్దు వెల చెల్లింపవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము. మేడకు పిట్టగోడ కట్టనివాడు ఇంటి మీదికి రక్తాపరాధము తెచ్చుకొనునని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము. గోతులను గూర్చియు గోడలను గూర్చియు ఆజ్ఞ ఇచ్చుట దేవునికి తక్కువ పని కాలేదు. మన ప్రాంతమునే చూడుడి. పందొమ్మిదవ శతాబ్దములో దుమ్ముగూడెము నొద్ద గోదావరి పడవల మార్గపు పనులు చూచిన హేగ్ అను ఇంజనీరు దొరయే అక్కడి కోయవారి నడుమ సువార్త పని ఆరంభమగుటకు పూనుకొనెను. నీటి పని వేరు, దేవుని పని వేరు అని ఆయన అనుకొనలేదు.

మరికొందరు అందురు: "మేము పల్లెటూరివారము, ఇది పట్టణపు గొడవ." ఇప్పుడు మన పల్లెలలోను సిమెంటు రోడ్లు ఇండ్లకంటె ఎత్తుగా పడినవి, వాన వచ్చిన నీరు గుమ్మములోనికి వచ్చుచున్నది. పాత టైరులో, మూతలేని తొట్టిలో నిలిచిన మంచినీటిలోనే డెంగీ దోమ పెరుగును. గ్రుడ్డు దోమ అగుటకు వారము పది దినములు చాలును. అందుచేతనే శుక్రవారము తొట్లన్నియు కడిగి ఆరబెట్టుడని ఆరోగ్య కార్యకర్తలు చెప్పుచున్నారు. మన పెరటిలో పుట్టిన దోమ మన పెరటిలోనే ఉండదు. అది ఎవరి బిడ్డను కుట్టునో మనకు తెలియదు. పట్టణమునకు ఆసుపత్రికో సంతకో పోయినప్పుడు మనము రోడ్డున విడిచిన కవరు ఎవరి తూములో పడునో అదియు తెలియదు. చెరపట్టబడి పోయిన పట్టణపు క్షేమమును కూడ కోరుడని దేవుడు యిర్మీయా 29వ అధ్యాయములో తన ప్రజలకు ఆజ్ఞాపించెను. మన బిడ్డలు బ్రదుకుచున్న పట్టణము మనకు అంతకంటె పరాయిదా?

ఆ ముసలమ్మ వచ్చిన దినమున మేము క్షమించుమని అడిగితిమి, బియ్యము ఇచ్చితిమి. తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దలును యౌవనస్థులును పారలు పట్టి ఆ తూమును త్రవ్వితిమి. బయటికి వచ్చినవానిలో మా సంఘపు పేరు ముద్రించిన కరపత్రములును ఉండెను. సిగ్గుపడితిమి. అప్పటినుండి మా విందులలో ఇంటినుండి తెచ్చుకొన్న పళ్లెములు వాడుచున్నాము, ఎంగిలాకులకు గోడ వెనుక కాక గోడ లోపల గొయ్యి త్రవ్వితిమి. ఇది గొప్ప కార్యము కాదు. ఇంటి కెదురుగా ఉన్న కొద్ది పని మాత్రమే.

చదువరులారా, ఈ ఆదివారము ఆలయమునుండి ఇంటికి పోవునప్పుడు గుమ్మము ముందర ఒక్క నిమిషము నిలువుడి. మీ నీరు ఎటు పోవుచున్నదో చూడుడి. అది చేరు మొదటి ఇల్లు ఎవరిదో కనుగొనుడి. ప్రభువు మీకు చూపిన పొరుగువారు వారే.

ప్రార్థన: ప్రభువా, మా గడప లోపలనే మా ప్రేమ ఆగిపోకుండునట్లు చేయుము. మా క్రింద నివసించువారిని మాకు కనబడనిమ్ము. పెంట గుమ్మము నొద్ద పని చేయుటకు సిగ్గుపడని మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.