విమానం ఎవరు నడిపారు?

రెండేళ్ళ కిందట నాకు నిద్ర పట్టేది కాదు. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఆరు నెలలు రాత్రుళ్ళు ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. ఆ డ్యూటీ అయిపోయింది గానీ ఫోన్ మోగుతుందేమోనన్న ధ్యాస పోలేదు. ఆఫీసులో ఎవరో చెబితే ఒక న్యూరోఫీడ్‌బ్యాక్ సెంటర్‌కి వెళ్ళాను. తలకి జిగురులాంటిది రాసి మూడు వైర్లు అతికించారు. ఎదురుగా స్క్రీన్ మీద ఒక విమానం. నా మెదడు తరంగాలు వాళ్ళకి కావాల్సిన తీరులో ఉంటే విమానం పైకి లేస్తుంది, లేకపోతే కిందికి దిగుతుంది. ‘నేనేం చెయ్యాలి?’ అని అడిగితే, ‘ఏమీ చెయ్యకండి సార్, మీ బ్రెయినే నేర్చుకుంటుంది’ అన్నాడు అక్కడి కుర్రాడు.

ఇరవై సెషన్ల ప్యాకేజీ. సగం దాటాక నిద్ర పట్టడం మొదలైంది. కనిపించిన వాళ్ళందరికీ ఆ విమానం సంగతి చెప్పుకుని తిరిగాను.

మొన్న అక్క ఫోన్ చేసింది. మా మేనల్లుడికి ఎనిమిదేళ్ళు. క్లాసులో కుదురుగా కూచోడని డైరీలో రాసీ రాసీ టీచర్లు విసిగిపోయారు. డాక్టర్ చూసి ఏడీహెచ్‌డీ అన్నారు. మందుల మాట ఎత్తేసరికి అక్క భయపడింది. ‘నీకు పనిచేసింది కదరా ఆ వైర్ల వైద్యం. వీడికీ పెట్టించనా? నలభై సెషన్లంట, మందులు అక్కర్లేదంట.’

రెండ్రోజులు టైమ్ అడిగాను. నాకోసం ఏనాడూ చదవనివి వాడికోసం కూచుని చదివాను.

*

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. దీని వెనకున్న సైన్స్ కట్టుకథ కాదు. మెదడు పుట్టించే కొన్ని మైక్రోవోల్టుల విద్యుత్తుని తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి కొలవొచ్చని జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్ట్ 1924లో కనిపెట్టాడు, 1929లో ప్రచురించాడు. ఈఈజీ అంటే అదే. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో బ్యారీ స్టెర్మన్ పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. పిల్లి కదలకుండా అప్రమత్తంగా ఉన్నప్పుడు సెకనుకి 12 నుంచి 15 సార్లు ఊగే తరంగం ఒకటి కనిపిస్తుంది. అది కనిపించినప్పుడల్లా ఆహారం బహుమతిగా ఇస్తూ పోతే, పిల్లులు దాన్ని ఎక్కువగా తెప్పించడం నేర్చుకున్నాయి. తర్వాత రాకెట్ ఇంధనం ఎంత విషమో తేల్చే ప్రయోగంలో ఆ పిల్లుల్ని కూడా వాడితే, శిక్షణ పొందినవి మూర్ఛని మిగతావాటికంటే ఎక్కువసేపు తట్టుకున్నాయి. అక్కణ్ణించే ఇది మనుషుల్లో మూర్ఛవ్యాధికి, ఆ తర్వాత ఏడీహెచ్‌డీకి, నిద్రలేమికి పాకింది.

పిల్లుల కథ నాకు చాలా ముఖ్యమనిపించింది. పిల్లికి డాక్టర్ మీద గురి ఉండదు. ఫీజు కట్టాం కాబట్టి తగ్గి తీరాలన్న పట్టుదల ఉండదు. అంటే మెదడు నిజంగానే నేర్చుకోగలదు.

కానీ మెదడు నేర్చుకోగలగడం వేరు, నా నిద్ర దానివల్లే వచ్చిందనడం వేరు. మా ఫీల్డ్‌లో దీనికి ఏ/బీ టెస్ట్ పెడతాం. వైద్యంలోనూ అలాంటిదే చేశారు. అమెరికాలో 7 నుంచి 10 ఏళ్ళ మధ్య వయసున్న 144 మంది ఏడీహెచ్‌డీ పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి అసలు న్యూరోఫీడ్‌బ్యాక్. రెండో గుంపుకీ అదే కుర్చీ, అవే వైర్లు, అదే స్క్రీన్. కాకపోతే ఆట నడిచేది వాళ్ళ మెదడుతో కాదు, ముందే రికార్డు చేసి పెట్టుకున్న వేరే పిల్లవాడి ఈఈజీతో. ఎవరు ఏ గుంపో పిల్లలకీ తెలీదు, తల్లిదండ్రులకీ తెలీదు. ఒక్కొక్కరికి 38 సెషన్లు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఏకాగ్రత విషయంలో తల్లిదండ్రులూ టీచర్లూ ఇచ్చిన మార్కుల్లో రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఇంచుమించు ఒకేలా. 13 నెలల తర్వాత అసలు గుంపుకి మందుల అవసరం కొంత తక్కువగా కనిపించింది గానీ, ప్రధానంగా అడిగిన ప్రశ్నకి జవాబు మారలేదు.

నిద్రలేమి మీద సాల్జ్‌బర్గ్‌లో 30 మందితో చేసిన ఇలాంటి ప్రయోగమే 2017లో అచ్చయింది. అసలు సెషన్లకీ ఉత్తుత్తి సెషన్లకీ తేడా తేలలేదు. రెంటిలోనూ నిద్ర బాగుపడిందని మనుషులు చెప్పారు. యంత్రాలతో కొలిస్తే మాత్రం నిద్ర మారలేదు.

ఇది చదివాక నా పాత వాచ్ యాప్ తెరిచి ఆ నెలల లెక్క చూశాను. వాచ్ లెక్కని పూర్తిగా నమ్మలేం, నిజమే. కానీ విమానానికి ముందూ తర్వాతా గ్రాఫ్ దాదాపు ఒకేలా ఉంది. మారిందల్లా పొద్దున లేచాక నిద్రపోయానని నాకు అనిపించడం.

*

మరి అక్కకి ఏం చెప్పాలి? చదివింది మొత్తం చెబితే వాడికి రాబోయే మేలుని నేనే చెడగొట్టినట్టవుతుందా? ఉత్తుత్తి గుంపులో పిల్లలు కూడా బాగుపడ్డారు కదా. నోరు మూసుకుంటే పోయేదేముంది?

మా నాన్నమ్మ ఊళ్ళో ఒక ఆర్‌ఎంపీ ఉండేవాడు. సూది వెయ్యకపోతే నాన్నమ్మ దృష్టిలో ఆయన డాక్టరే కాదు. మోకాలి నొప్పంటూ వెళ్తే ఆయన బీ కాంప్లెక్స్ సూది ఒకటి పొడిచి, పది నిమిషాలు కబుర్లు చెప్పి పంపేవాడు. వెళ్ళేటప్పుడు కుంటుకుంటూ వెళ్ళిన మనిషి వచ్చేటప్పుడు దారిలో ఇద్దర్ని పలకరించి వచ్చేది. ఆయన్ని మోసగాడు అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. అలాగని నా సెంటర్‌ని సులువుగా వదిలెయ్యబుద్ధి కూడా కావడం లేదు. తేడా ఎక్కడుంది?

డబ్బు ఒక తేడానే. కానీ అంతకంటే పెద్దది ఇంకోటుంది. ఆర్‌ఎంపీ నాన్నమ్మకి నువ్వు ఎవరివో చెప్పలేదు. నాకు మాత్రం మొదటిరోజే ఎరుపూ నీలం రంగుల్లో ఒక బొమ్మ చూపించి, ‘మీ బ్రెయిన్‌లో ఇక్కడ తేడా ఉంది సార్’ అన్నారు. ఆ మాట నమ్మాను. బాగయ్యాక కూడా నేను బాగయ్యానని అనుకోలేదు, రిపేరు చేశారనుకున్నాను. మళ్ళీ నిద్ర పట్టని రాత్రి వస్తే చెయ్యాల్సింది ఇంకో ప్యాకేజీ కొనడమే అనుకున్నాను.

నిజానికి ఆ రెండు నెలల్లో ఏం జరిగింది? వారానికి మూడుసార్లు సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలాను. గంటసేపు ఫోన్ నా దగ్గర లేదు. ఒక మనిషి పేరుపెట్టి పలకరించి, నిన్న ఎలా పడుకున్నారని అడిగాడు. బాగవుతానని ఎదురుచూశాను. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. కానీ చేసిందంతా నేనూ, ఆ కుర్రాడూ కలిసి చేశాం. పేరు మాత్రం యంత్రానికి పోయింది.

నిజం చెబితే మందు పనిచెయ్యదన్న వాదన కూడా అనుకున్నంత గట్టిది కాదు. 2010లో హార్వర్డ్‌కి చెందిన టెడ్ కాప్చుక్ బృందం పేగుల బాధ ఉన్న 80 మంది మీద ఒక ప్రయోగం ప్రచురించింది. సగం మందికి ‘వీటిలో మందు లేదు’ అని ముందే చెప్పి మరీ మాత్రలిచ్చారు. ఏ మాత్రా ఇవ్వని వాళ్ళకంటే వీళ్ళకి ఎక్కువ ఉపశమనం కలిగింది. ఇది అన్ని జబ్బులకీ వర్తించదు. బాధ ఎంతుందో రోగే చెప్పాల్సిన చోట జరిగిన సంగతి. అయినా, మేలు జరగాలంటే అబద్ధం ఉండి తీరాలన్న నమ్మకానికి ఇది చాలా పెద్ద చిల్లు.

అందుకే నేను ఇలా అనుకుంటున్నాను. మేలు జరిగిందా అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఆ మేలు ఎవరి పేరు మీద రాస్తున్నాం అన్నది కూడా నైతిక ప్రశ్నే. ఎనిమిదేళ్ళవాడికి ‘నీ బుర్రలో లోపముంది, మిషన్ బాగుచేస్తోంది’ అని నలభైసార్లు చెబితే, వాడు ఏకాగ్రతతో పాటు ఆ మాట కూడా నేర్చుకుంటాడు. నిజం చెప్పడమంటే వాడి మందు లాక్కోవడం కాదు, అది ఎవరిదో వాళ్ళకి తిరిగివ్వడం.

*

ఇదంతా అక్కకి చెప్పాను, ఇంత పద్ధతిగా కాదు. డాక్టర్ చెప్పిన మందుల గురించి, పేరెంట్ ట్రైనింగ్ గురించి నీ భయాలన్నీ ఆయన్నే అడుగు, ఆ నలభై సెషన్ల కోసం వాటిని వాయిదా వెయ్యొద్దు అన్నాను. ‘అక్కా, ఆ ఉత్తుత్తి పిల్లల పక్కన కూడా 38 సార్లు ఎవరో ఒకరు ఓపిగ్గా కూచున్నారు. బాగా చేశావ్ అన్నారు. అది మనింట్లో కూడా చెయ్యొచ్చు కదా.’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: ‘నాకు ఆ ఓపిక లేకే కదరా డబ్బులిచ్చి పంపిద్దామనుకున్నది. ఆఫీసు, వంట, అత్తయ్యగారి మందులు. ఎవరు కూచుంటారు?’

నేను చదివిన ఏ పేపర్లోనూ ఆ ప్రశ్నకి జవాబు లేదు. నా వ్యాసంలోనూ ఉండేది కాదు, తను అడగకపోతే. ఓపికని కూడా కొనుక్కోవాల్సిన ఇళ్ళల్లో, దాన్ని అమ్మేవాణ్ణి తిట్టినంత మాత్రాన అయిపోదు.

శనివారాలు నేనొస్తానని చెప్పాను. మొదటి శనివారం వాడూ నేనూ లెక్కల పుస్తకం ముందు ఇరవై నిమిషాలు కూచున్నాం. మధ్యలో వాడు నాలుగుసార్లు లేచాడు, నేను రెండుసార్లు ఫోన్ చూసుకున్నాను. ఐదోసారి లేవబోతూ ఆగి అడిగాడు:

‘మామా, నువ్వు బుర్రతో విమానం నడిపావంట కదా. నిజమా?’

‘విమానం ఎగరడం నిజమేరా. నేనే నడిపానో లేదో చెప్పలేను.’

‘మరి నిద్ర?’

‘నిద్ర మాత్రం నేనే పోయాను.’

వాడికి ఈ జవాబు నచ్చలేదు. విమానమే బావుందన్నాడు. ఇంకో రెండు లెక్కలు చేసి లేచిపోయాడు.